మరియమ్మ మొహం కడిగిన తెస్సా

తెస్సా అంటే మా తమ్ముడి పెళ్ళాం. మా పొజ్జాల్తో ఊళ్ళో దానంత గట్టిగా బట్ట పిండేది ఇంకొకత్తి లేదు. దానంత గట్టిగా నోరు పెట్టేది నేను తప్ప ఇంకొకత్తి లేదు. మనిషి పొట్టి. భుజాలు మాత్రం గాడిదలు తోలేవాడికి ఉండాల్సినవి. మా తమ్ముడు కొండ మీంచి రాళ్ళు దింపే పనిలో పోయాడు. అప్పటికి దాని చంకలో ఒకడు, కడుపులో ఒకత్తి. ఏడ్చింది. ఏడ్చి, మర్నాడు వాగుకి పోయి బట్టలు ఉతికింది. "ఇవాళొక్క రోజు ఆగకూడదటే?" అన్నాను. "నేనేడుస్తున్నానని మురికి దానంతటదే పోతుందా వదినా?" అంది. అట్లాంటి మనిషి.

ఊళ్ళో పెళ్ళి దుప్పట్లు, గుళ్ళో పీఠం మీద పరిచే నారబట్టలు, చంటిపిల్లల గుడ్డలు, అన్నీ దాని చేతికే. పెద్ద బానలో బట్టలు పేర్చేది. పైన ముతక గుడ్డ కప్పి, దాని మీద పొయ్యిలో బూడిద పోసి, మరుగునీళ్ళు కుమ్మరించేది. ఆ నీళ్ళు బూడిదలోంచి, బట్టల్లోంచి దిగి కింద చిల్లులోంచి తేటగా కారతాయి. వాటిని మళ్ళీ కాచి మళ్ళీ పోసేది. వేలు ముంచితే జారాలి, నాలిక మీద పెడితే చురుక్కుమనాలి. అప్పటికిగానీ తేట తయారవ్వదు. "ఈ తేటకి పోని మరక ఎక్కడుందో నాకు చూపించండి" అనేది. ఆ ధీమాయే దాని కొంప ముంచింది.

మా ఊరి ఆడవాళ్ళకి ఒక సంఘం ఉంది. ఆ సంఘానికి ఒక మరియమ్మ పటం. చెక్క మీద వేసింది, ఇంచుమించు నా అంత ఎత్తు, వెనకంతా బంగారు రేకు, ఒళ్ళో బాలయేసు. నా పెళ్ళయిన ఏడే సియెనా పట్నంలో తొఫానో మేస్త్రి వేసి బండి మీద పంపాడు. పటానికి నీలం తెర ఉంటుంది. ఊరికే తియ్యం. రోజూ మొహం చూస్తుంటే తల్లికి మనమంటే విసుగు పుడుతుందని మా పెద్దవాళ్ళనేవారు. పెద్ద పండగలకి తీస్తాం, ఎవరికైనా కాన్పు కష్టమైతే తీస్తాం. అప్పుడు ప్రతి ఆడదీ ఒక కొవ్వొత్తి పట్టుకొచ్చి తల్లి మొహానికి దగ్గరగా పెడుతుంది, ఆవిడకి సరిగ్గా వినపడాలని. మరి ఇన్నేళ్ళూ ఊరు ఊరంతా కంటూనే ఉంటే ఆ మొహం ఏమవుతుంది? మా వంటింట్లో పొయ్యి వెనక గోడలా తయారైంది. బాలయేసు కాస్త కింద ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

ఆగస్టు నడిమిలో తల్లి మోక్షానికెళ్ళిన పండగ మాకు చాలా పెద్దది. దానికి ముందు గుడి శుభ్రం చేసే వంతు ఏడాదికొకరిది. ఆ ఏడు తెస్సాది.

మధ్యాహ్నం దానికి రొట్టె, ఉల్లిపాయ తీసుకుని గుడికెళ్ళాను. చూద్దును కదా, అది పీఠం మెట్టు మీద చతికిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ. పక్కన తేట గిన్నె.

"వదినా, తలుపెయ్యి" అంది.

"ఏమైందే? దెయ్యం కనపడిందా?"

"తలుపెయ్యమంటుంటే!"

వేసొచ్చి తలెత్తి చూశాను. తల్లి మొహం ఆకుపచ్చగా ఉంది. బుగ్గలు, నుదురు, మెడ, అంతా నాచు పట్టిన రాయి రంగు. పెదాల మీద ఎరుపు చారంత మిగిలింది. ఒళ్ళో పిల్లాడేమో గులాబి బుగ్గలతో ఆవిడకేసి చూస్తున్నాడు, ఎవరి ఒళ్ళో కూర్చున్నానా అన్నట్టు.

"ఓసి నీ చేతులు పడిపోనూ! ఏం చేశావే?"

"మసి తుడుద్దామనుకున్నా వదినా. మొదట మసే వచ్చింది. కింద బుగ్గ ఎంత బాగా కనపడిందనుకున్నావు! ఇంకొంచెం తెల్లబడుతుందని ఇంకోసారి రుద్దా."

"పిల్లాడి జోలికి పోలేదు కదా?"

"ఆయన వంతు రేపనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. అంత భయంలోనూ నవ్వొచ్చింది. అది మాత్రం నవ్వలేదు. నేను తెర లాగేసి, "పద, ఇంటికి పోదాం, ఎవరికీ చెప్పకు" అన్నాను. "నేను పాడుచేశాను కాబట్టి నేనే చెబుతా. నేనే బాగు చేయిస్తా. ఈ పండగలోపలే" అంది. ఆ మాట మీద అట్లా నించునిపోయింది, దాన్ని కదిలించడం నా వల్ల కాలేదు.

సాయంత్రానికి సంఘం పెద్ద దియనోరమ్మ వచ్చింది. మందుల కొట్టాయన పెళ్ళాం. నడుస్తుంటే ఆవిడకంటే ముందు ఆవిడ మెళ్ళో గొలుసు వచ్చేది. గుడి గురువు బందినోగారు కూడా వచ్చారు. మంచాయన, పాపం, పిల్లి తుమ్మినా శిలువ గుర్తు వేసుకునేవాడు. తెర తీసి చూశారో లేదో, ఆయన మోకాళ్ళ మీద పడిపోయాడు.

"ఇది గుర్తమ్మా! మహమ్మారి వచ్చే ముందు తల్లి మనకోసం ఇట్లా పాలిపోయింది!"

"అవును గురువుగారూ" అంది దియనోరమ్మ వెంటనే. "గుర్తనే చెబుదాం. గుర్తంటే ఎవరూ సంఘాన్ని వేలెత్తి చూపరు."

"గుర్తేంటండీ?" అంది తెస్సా. "ఇదుగో గుడ్డ. మొహం రంగంతా దీనికంటుకుని ఉంది. వాసన చూడండి, తేట వాసన. మహమ్మారి వాసన కాదు."

"నువ్వు నోరు ముయ్యి తెస్సా, సంఘం పరువు!"

"నేను నోరు మూస్తే ఈవిడకి మొహం వస్తుందా? వస్తుందంటే ఈ జన్మకి మూసుకుంటా."

గురువుగారు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. గుర్తు కాదని తెలిసి ఆయనకి కొంచెం ఊరటే కలిగిందనుకుంటా. దియనోరమ్మ మాత్రం మెత్తబడలేదు. "అయితే జీన్ల చెక్కోని పిలుద్దాం. వాడి దగ్గర గులాబి రంగుంది. ఒక పూటలో పూసేస్తాడు" అంది.

చెక్కో అంటే మా ఊళ్ళో గుర్రపు జీన్లకి, పెళ్ళి పెట్టెలకి రంగులేసేవాడు. వాడు వేసిన సింహాలు ఆవులించే కుక్కల్లా ఉంటాయి.

"చెక్కో కుంచె తల్లి మొహానికి తగిలిందా, ఆ కుంచె వాడి ముక్కులో పెడతా" అంది తెస్సా. "వేసినవాడు సియెనాలో బతికే ఉన్నాడు. వెళ్ళి తీసుకొస్తా."

"తొఫానో మేస్త్రా? ఆ ముసలాయన గడప దాటి ఎన్నేళ్ళయిందో!"

"గడప దాటించడానికి నేను లేనా?"

ఆఖరికి ఒప్పందం ఇదీ: పండగ ముందురోజు పొద్దుగూకే లోపల తల్లికి మొహం రాకపోతే చెక్కో వచ్చి పూస్తాడు, తెస్సా సంఘంలోంచి బయటికి పోతుంది. సంఘంలోంచి పోవడమంటే మాటలు కాదు. రేపు చస్తే కొవ్వొత్తి పట్టుకుని వెనకాల నడిచేవాళ్ళుండరు. కాన్పుకి తెర తీసేవాళ్ళుండరు, అప్పటికి దాని కూతురికి నెలలు నిండుతున్నాయి కూడాను. తెస్సా దేనికీ తొణకలేదు. నేను కూడా వెళ్ళాను. ఒక్కదాన్నే పంపిస్తే సియెనాని కూడా కడిగేసేట్టుంది.

ఎండ నెత్తిన పెట్టుకుని, అరువు గాడిద నడిపించుకుంటూ వెళ్ళాం. మేస్త్రి ఇల్లు చర్మాలు నానేసే వీధిలో. ఆ కంపుకి గాడిదే రానంది. మేస్త్రి వాకిట్లో కూర్చుని కప్పుతో ద్రాక్షసారా తాగుతున్నాడు. సగం గొంతులోకి, సగం గడ్డం మీదకి; కూతురు పక్కన నించుని తుడుస్తోంది. తెస్సా దండం కూడా పెట్టలేదు.

"మేస్త్రీ, మా పొజ్జాల్తో మరియమ్మ మొహం నేను కడిగాను. ఊడిపోయింది. మీరొచ్చి బాగు చెయ్యాలి."

"దేంతో కడిగావు?"

"బూడిద తేటతో."

"నీళ్ళు కలిపావా?"

"ఎందుకు కలుపుతానూ? మళ్ళీ మళ్ళీ కాచి పోసిన తేట, చిక్కటిది."

ఆయన కప్పు కింద పెట్టాడు. "అమ్మా తల్లీ, దాంతో కడిగితే నా తోలు కూడా ఊడుతుంది."

"మీ తోలు సంగతి మీ అమ్మాయి చూసుకుంటుంది. ఆవిడ సంగతి చెప్పండి. ఎందుకట్లా ఆకుపచ్చగా అయింది? కుళ్ళిందా?"

అప్పుడు ఆయన నవ్వాడు చూడండి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఆ పచ్చ నేను వేసిందేనే పిచ్చిదానా! మొహం వేసేటప్పుడు ముందు ఆకుపచ్చ మట్టిరంగు వేస్తాం. కన్నెక్కడ, ముక్కు నీడెక్కడ, బుగ్గ ఎత్తెక్కడ, అంతా ఆ పచ్చలోనే దిద్దుతాం. దాని మీద గుడ్డు సొనలో కలిపిన గులాబిరంగుని వెంట్రుకంత గీతలుగా వేసుకుంటూ పోతాం. కింద పచ్చ లేకపోతే ఆ గులాబి ఉత్త సున్నంగోడలా ఉంటుంది. నువ్వు ఊడదీసింది పైతోలు. మొహం అట్లానే ఉంది."

తెస్సా అప్పుడు కూర్చుంది. అరుగు మీద కాదు, నేల మీదే. "అయితే బతికే ఉందన్నమాట" అంది. తలగుడ్డ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను చూడనట్టు గాడిద చెవులు గోకాను.

కానీ మేస్త్రి రానన్నాడు. చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి గాలిలో గడ్డిపరకలా ఊగుతోంది. మొహం గీసి ఏళ్ళయిందట. ఇప్పుడు మొహాలన్నీ అల్లుడే వేస్తాడట. ఆ అల్లుడు లోపల్నించి వచ్చి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "పాతకాలం పటం కదా, ఆ బంగారం, ఆ పచ్చ అంతా గీకేసి కొత్త పద్ధతిలో వేస్తానమ్మా. వెనకాల కొండలు, ఇళ్ళు పెడతా. సరిగ్గా మనిషిలా ఉంటుంది" అన్నాడు.

"మనుషులు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు నాయనా. మాకు తల్లి కావాలి" అని తెస్సా మళ్ళీ మేస్త్రి వైపు తిరిగింది. "చెయ్యి వణుకుతోంది, అంతే కదా? నేను పట్టుకుంటా."

"ఏం పట్టుకుంటావు?"

"మీ చెయ్యి."

"కుంచె పట్టడమంటే నీళ్ళ బిందె పట్టడం అనుకున్నావా?"

"బిందె తొణక్కుండా కొండెక్కిస్తా. ఒకసారి చూడండి."

చెప్పేదేముంది, అడక్కుండానే ఆయన ముంజేతి కింద తన చెయ్యి పెట్టి మోచేతిని పొట్టకి ఆనించుకుంది. "అబ్బా, పిండకే!" అని అరిచాడాయన. "పిండలేదు, పట్టుకున్నా. పిండితే తెలుస్తుంది" అంది. కూతురు ఒక చెక్కముక్క, ఉడత తోక కుంచె తెచ్చిచ్చింది. ఆయన విసుక్కుంటూ ఒక గీత వేశాడు. వంకర పోయింది. తెస్సా తన చెయ్యి కొంచెం ముందుకి జరిపింది. ఇంకొకటి వేశాడు. అది తిన్నగా వచ్చింది. దాని పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. చెక్కముక్క నిండేదాకా వేశాడు.

"నా చెప్పులెక్కడున్నాయే?" అని కూతుర్నడిగాడు.

బయల్దేరేముందు ఇంకో పేచీ. గుడ్లు. పట్నం కోడి గుడ్డులో సొన పాలిపోయి ఉంటుందట, పడుచువాళ్ళ మొహాలకి అదే కావాలట. పల్లె కోడి సొన ఎర్రన, అది ముసలివాళ్ళకీ ఎండలో తిరిగే నల్లటివాళ్ళకీ తప్ప పనికిరాదట. "మరియమ్మ పడుచుపిల్ల. మీ ఊరి గుడ్డు ఒక్కటి కూడా ముట్టను" అన్నాడు. గుడ్లు తీసుకెళ్దామంటే ఆ ఎండకి దార్లోనే మురిగిపోతాయి. అందుకని కోళ్ళనే బుట్టలో పెట్టుకున్నాం, రెండు తెల్ల పెట్టల్ని. గాడిద మీద మేస్త్రి, మేస్త్రి ఒళ్ళో కోళ్ళు, ముందు తెస్సా, వెనక నేను. దార్లో కనపడ్డవాళ్ళంతా ఆగి మరీ చూశారు.

మేం గుళ్ళోకి అడుగుపెట్టేసరికి చెక్కో అప్పటికే నిచ్చెన మీదున్నాడు. చేతిలో గిన్నె, గిన్నెలో పంది పిల్ల ఒంటిలాంటి గులాబి రంగు. "దియనోరమ్మగారే పిలిచారు, ఊరికే కొంచెం నుదురు మీద వేసి చూద్దామని" అన్నాడు.

"దిగు" అంది తెస్సా.

"అది కాదక్కా..."

"నిన్ను దించాలా, నిచ్చెన దించాలా?"

దిగాడు. దిగి, పోకుండా మూలన నించుని, సిగ్గు లేకుండా మేస్త్రి పని చూస్తానన్నాడు. మేస్త్రి చూడనిచ్చాడు కూడా.

ఇంతా చేస్తే కోళ్ళు గుడ్లు పెట్టలేదు. పట్నం కోళ్ళు కదా, మా ఊరి గాలి పడలేదు. గింజలు వేశాం, నీళ్ళు పెట్టాం. గుళ్ళోంచి మా పెరట్లోకి, పెరట్లోంచి గురువుగారి గదిలోకి మార్చాం. గురువుగారు దీవించాడు. ఉహూఁ. బుట్టలో రాణుల్లా కూర్చుని మమ్మల్ని చూసేవి. మేస్త్రి రంగులు నూరి, నీళ్ళు కలిపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పండగ దగ్గరికొచ్చేస్తోంది. దియనోరమ్మ పూటపూటకీ వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి పోయేది. నేను రెంటినీ కోసి పులుసు పెడదామన్నాను. అప్పుడు తెస్సా లేచి మా ఇంటికెళ్ళి, మా ఎర్రపెట్ట కింద ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డు తీసుకొచ్చి మేస్త్రి ముందు పెట్టింది.

"దీంతో వెయ్యండి."

"చెప్పాను కదే. దీంతో వేస్తే మొహం ముదురుతుంది. పడుచుతనం రాదు."

"రాకపోతే రాకపోనీండి."

"ఊరంతా నన్నంటారు."

"నన్ననమంటా. మేస్త్రీ, ఇన్నేళ్ళూ మా ఊరి ఆడవాళ్ళ కష్టాలన్నీ చెవిన వేసుకున్న మనిషి ఆవిడ. నా మొగుడు పోయినప్పుడు విన్నది, మా వదిన కొడుకు పోయినప్పుడు విన్నది. ఆ మాత్రం వయసు రాదా? ఇంకా పడుచుపిల్లలా ఉంటే మా మాట ఒక్కటీ వినలేదనుకోవాలి."

నా కొడుకు మాట ఎవరైనా ఎత్తితే నేను అక్కడ ఉండను. ఆ రోజు ఉన్నాను. మేస్త్రి గుడ్డు పగలగొట్టి, సొనని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించి, తెల్లదంతా కార్చేసి, పొరని గిల్లి గిన్నెలోకి జార్చాడు. ఎర్రగా, దొండపండులా ఉంది.

అప్పట్నించి వాళ్ళిద్దరూ వేశారు. వేశారనే అంటాను, ఆయన వేశాడనను. వెలుతురున్నంత సేపూ అది ఆయన ముంజెయ్యి మోస్తూ నించుంది. ఒక గీత, దాని పక్కన ఒక గీత. బుగ్గ మీద గోరంత జాగా నిండడానికి నా సెనగల కుండ ఉడికేంత సేపు పట్టేది. మధ్యలో రొట్టె నేనే దాని నోట్లో పెట్టేదాన్ని. "ఉప్పు తక్కువైంది వదినా" అనేది, అంత నొప్పిలోనూ. దాని భుజాలు వాచి కొయ్యబారిపోయాయి. రాత్రి నూనె పట్టిస్తుంటే పళ్ళు బిగబట్టేది. పొద్దున్నే మళ్ళీ నిచ్చెన పక్కన. మేస్త్రి ఒకసారి కుంచె దించి, "చాలమ్మా, ఈ దవడ కింద పచ్చ వదిలేద్దాం, నీడ అనుకుంటారు" అన్నాడు. "అనుకుంటారు. నేననుకోను" అంది. అది కూడా వేయించింది.

పండగ ముందురోజు, కొండల మీద ఇంకా వెలుగుండగానే, మేస్త్రి కుంచె కడిగేశాడు. దియనోరమ్మ వచ్చి, దగ్గరికెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ దగ్గరికెళ్ళింది.

"ఈవిడ మన తల్లి కాదు. మన తల్లి చిన్నపిల్ల. ఈవిడకి కళ్ళ కింద..." అని ఆగింది. "తెర తియ్యడానికి వీల్లేదు. కనీసం ఈ ఏడు."

"మొహం రావాలన్నారు. వచ్చింది. పొద్దుగూకలేదు" అంది తెస్సా. "గుడి వంతు నాది. రేపు తాడు నేనే లాగుతా."

తెర తాడు సంగతి చెప్పాలి. పండగనాడు వంతువాళ్ళు తాడు లాగి తెర ఎత్తి పట్టుకోవాలి. దాన్ని మేకుకి కట్టకూడదు. సంఘంలో ప్రతి ఆడదీ వచ్చి మొక్కి పోయేదాకా పట్టుకునే ఉండాలి. మధ్యలో వదిలితే ఆ ఏడు మొక్కులు చెల్లనట్టే. దాని భుజాలున్న స్థితికి ఎవరినైనా తోడు పెట్టుకోమన్నాను. నావైపు చూసిన చూపుకి నేనే తప్పుకున్నా.

పొద్దున్న గుడి కిటకిటలాడింది. తెస్సా తాడు చేతికి చుట్టుకుంది. "ఈ మొహం కడిగి పాడుచేసింది నేను. మళ్ళీ వేసింది తొఫానో మేస్త్రి. మన కోడి గుడ్డుతో వేశాడు. తిట్టేదేమైనా ఉంటే నన్ను తిట్టండి. ముందు మొక్కండి" అని ఒక్క గుంజు గుంజింది.

నీలం తెర పైకి లేచింది. తల్లి మా వాగు దగ్గర ఎండలో తిరిగి వచ్చినట్టుంది. పెదాలవే, కళ్ళవే. కానీ చాలామందిని కని, కొందరిని పోగొట్టుకున్న మొహం. వెనకాల ఎవరో "అయ్యో, ఇదేంటి" అన్నారు. దియనోరమ్మ చేతులు కట్టుకుని స్తంభం దగ్గరే నించుండిపోయింది. అప్పుడు మా అందరికీ పురుడు పోసిన ముసలి బర్తోలమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకెళ్ళింది. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. ముక్కు తగిలేంత దగ్గరికెళ్ళి చాలాసేపు చూసింది.

"ఏమ్మా, నువ్వూ పెద్దదానివయ్యావా" అంది తల్లితో. అని, మోకాళ్ళ మీద కూర్చుంది. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

ఆ తరవాత ఒక్కొక్కళ్ళే కదిలారు. తెస్సా కూతురు కడుపు పట్టుకుని వచ్చి మొక్కింది. కొందరు ఏడ్చారు, కొందరు గొణిగారు. గొణిగినవాళ్ళూ మొక్కారు. నా వంతొచ్చినప్పుడు నేనేం చెప్పానో అది నాకూ ఆవిడకీ మధ్య. తాడు పట్టుకున్న తెస్సా చేతులు అప్పటికే ఊగుతున్నాయి, ఇన్ని రోజులూ మేస్త్రి చెయ్యి ఎట్లా ఊగిందో అట్లా. జాకెట్టు వీపంతా చెమట. వరస అయిపోయింది, దియనోరమ్మ ఒక్కతే మిగిలింది. స్తంభం దగ్గర్నించి కదలదు. తెస్సా తాడు వదలదు. గురువుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. మేం ఎవరం ఇళ్ళకి పోలేదు.

"చెయ్యి నొప్పిగా లేదటే?" అంది దియనోరమ్మ ఆఖరికి.

"ఉంది. మీరొచ్చేదాకా ఉంటుంది. నిదానంగా రండి" అంది తెస్సా.

దియనోరమ్మ గొలుసు సర్దుకుంది. తలగుడ్డ సర్దుకుంది. వచ్చింది. తలెత్తి తల్లి కళ్ళ కిందకి చూసింది, మోకాళ్ళు వంచింది, ఇంకెవరికంటే ఎక్కువసేపే ఉంది. లేచి పక్కకి తప్పుకున్నాక తెస్సా తాడుని కొంచెం కొంచెంగా వదిలింది, తెర చప్పుడు కాకుండా దిగేట్టు.